మందు కొడతానండి

మా హోమ్‌కి కొత్త పిల్లాడు రాగానే నింపే ఫారంలో పదకొండో గడి పేరు 'దురలవాట్లు'. ఆ గడిలో నేను రాసినన్ని 'లేవు'లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ రాసి ఉండరు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని సూపరింటెండెంట్ గారు మెచ్చుకునేవారు కూడా. ఆ ముత్యాల్లో ఒకదాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు చదవాలి. ప్రమోషన్ల సంగతి, సెలవుల సంగతి మీకు యూనియన్ వాళ్లు చెప్తారు. ఇది మాత్రం వాళ్లకి తెలీదు.

హోమ్ అంటే ఏదో ఒక కేసులో పట్టుబడిన పద్దెనిమిదేళ్లలోపు మగపిల్లల్ని, పిల్లల కేసులు విచారించే బోర్డు సంగతి తేల్చేదాకా ఉంచే చోటు. ఊరి పేరు రాయను. పేరుకి హోమేగానీ గోడ మాత్రం జైలు గోడంత ఉంటుంది. అక్కడ నేను పన్నెండేళ్లు నర్సుగా చేశాను. అంతకుముందు చాలా ఏళ్లు ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో చేశాను. మాది మిరప పండించే కుటుంబం, ఫిరంగిపురం వైపు. ఈ రెండూ గుర్తుంచుకోండి. నేను తప్పు చేసింది తెలియక కాదు, తెలుసన్న పొగరుతో.

అందరికీ నచ్చే మాట

'లేవు' అన్న మాట అందరికీ నచ్చుతుంది. పిల్లాడు ఉన్నాయని చెప్తే ఏమవుతుంది? వాణ్ణి విడిగా గదిలో పెడతారు. ఇంట్లోవాళ్లకి చెప్తారు. బోర్డులో చదివి వినిపిస్తారు. వచ్చిన గంటలోనే పాత పిల్లలు ఇవన్నీ కొత్తవాడి చెవిలో ఊదేస్తారు. ఇంక ఎవడు చెప్తాడు?

మా వైపు సంగతీ అంతే. ఉన్నాయని రాస్తే వైద్యం చేయించాలి. మత్తు మాన్పించే కేంద్రానికి ఒకసారి నేనే ఫోన్ చేశాను. "పద్దెనిమిది నిండాక తీసుకురండమ్మా" అన్నారు. పదిహేనేళ్లకి మునిగిపోతున్నవాణ్ణి పద్దెనిమిది దాకా నీళ్లలోనే ఉండమన్నట్టుంది. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత 'లేవు' అని రాయడం ఇంకా తేలికైంది.

గంజాయి, దగ్గు మందు, నొప్పి మాత్రలు, టైరు పంచర్లకి వాడే సొల్యూషన్, అన్నీ ఉండేవి. రోజూ ఆఫీసు గది తుడుస్తానని ముందుకొచ్చే పిల్లాడొకడుండేవాడు. ఇంత శ్రద్ధగలవాణ్ణి తన సర్వీసులో చూడలేదని సూపరింటెండెంట్ గారు పదిమందికీ చెప్పారు. నెల తిరిగేసరికి ఆఫీసులో వైట్‌నర్ సీసా ఒక్కటీ మిగల్లేదు. నవ్వుకున్నాం, సీసాలు బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళం వేసిన రోజు నుంచి వాడికి వచ్చిన తలనొప్పి, వణుకు, కోపం గురించి ఎవరూ ఆలోచించలేదు. నేను జలుబు మాత్ర ఇచ్చాను. మా వైద్యం అది.

బాజీ

ఒక శుక్రవారం సాయంత్రం బాజీని తీసుకొచ్చారు. మిరప పూత మీదున్న రోజులు. పదహారేళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేలల్లో మోటార్ల రాగి తీగ కోసిన ముఠాలో వీడూ ఉన్నాడని కేసు. ఆ మధ్యాహ్నం చేలో పనిలో ఉండగానే పట్టుకొచ్చారు. చొక్కా నుంచి పురుగుమందు వాసన గుప్పుమంది. నాకది చిన్నప్పటి నుంచీ తెలిసిన వాసన.

"ఏం పని చేస్తావురా?" అన్నాను.

"మందు కొడతానండి."

"ఎన్నేళ్ల నుంచి?"

"మూడేళ్లండి. బడి మానేసిన కాడ్నించి."

"రోజూనా?"

"సీజన్లో రోజూ అండి. పనిలేనప్పుడు ఒకరోజు తప్పి ఒకరోజు."

నా గుండె కరిగిపోయింది. మా నాన్న మందు కొట్టి ఇంటికొచ్చి, బావి దగ్గర గంటసేపు ఒళ్లు రుద్దుకునేవాడు. పదమూడో ఏట నుంచీ వీపున పంపు మోస్తున్నాడే అనుకుంటూ, పని అన్న గడిలో 'పురుగుమందు పిచికారీ కూలీ' అని రాశాను. తర్వాత పదకొండో గడి.

"అలవాట్లేమన్నా ఉన్నాయా?"

వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. "చెప్పా గదండీ," అన్నాడు.

చెప్పింది ఏమిటని నేను అడగలేదు. విసుగుతో అన్నాడనుకున్నాను. వెనక ఇంకా ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు, కానిస్టేబులు సంతకం కోసం తొందరపెడుతున్నాడు. 'లేవు' అని రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ కాగితం కాపీ మర్నాడే బోర్డుకి వెళ్లిపోయింది.

ఆదివారం

ఆదివారం పదకొండు గంటలకి కోటయ్య వచ్చి పిలిచాడు. కోటయ్య మా హౌస్ ఫాదర్, అంటే పిల్లల్ని లేపడం, తిండి పెట్టించడం, తాళాలు వేయడం అతని పని. చెడ్డవాడు కాదు. కానీ ముప్పై ఏళ్లుగా పిల్లల అబద్ధాలు విని విని, నిజం మాట్లాడినా నమ్మని స్థితికి వచ్చినవాడు.

"కొత్తోడు నాటకం మొదలెట్టాడమ్మా. వణుకంట, వాంతులంట. ఆసుపత్రికి తీసుకుపోతే గోడ దూకొచ్చని ఎవడో చెప్పుంటాడు."

వెళ్లి చూశాను. బాజీ చాప మీద ముడుచుకుని పడున్నాడు. ఒళ్లంతా చెమట. చేతులు పట్టుకుంటే ఆగడం లేదు. అదే చొక్కా, అదే వాసన. మా దగ్గర కొత్త బట్టలు సోమవారంగానీ ఇవ్వరు. రెండు రోజులుగా మందు తడిసిన చొక్కాతోనే పడుకున్నాడన్నమాట. నాకు నిమిషంలో అంతా అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకున్నాను. క్యాజువాల్టీలో ఇలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు? ఒంట్లోకి పురుగుమందు దిగింది. చొక్కా ఊడదీసి కవర్లో పెట్టించాను.

వారానికోసారి వచ్చే మా డాక్టరు గారికి ఫోన్ చేశాను. చీరాలలో ఏదో పెళ్లిలో ఉన్నారు, వెనక బాజా మోగుతోంది.

"పురుగుమందేనా సిస్టర్? ఖాయమేనా?"

"ఖాయం సార్. మందు కొట్టే కుర్రాడు. వాసనొస్తోంది."

"అట్రోపిన్ ఉందా? అయితే మొదలుపెట్టి వెంటనే ఆసుపత్రికి పంపించండి."

ఉంది. పురుగుమందుకి విరుగుడు అది, హోముల్లో ఎవరూ పెట్టుకోరు. పత్తి, మిరప ప్రాంతం కదా అని నేనే పట్టుబట్టి తెప్పించి పెట్టుకున్నాను. చూశారా, నా ముందుచూపు ఇవాళ పనికొచ్చింది అనుకుంటూ ఆంప్యూల్ విరిచాను. సిరంజిలోకి తీశాను. సూపరింటెండెంట్ గారికి కబురు చెప్పి వచ్చిన కోటయ్యని చెయ్యి పట్టుకోమన్నాను.

బాజీ ఒక్కసారిగా చెయ్యి లాక్కుని లేచి కూర్చున్నాడు. గోడకేసి చూస్తున్నాడు. "నల్లి పట్టిందండీ... గోడంతా నల్లి," అన్నాడు, మిరపాకుకి పట్టే పురుగు మా గోడకి పట్టినట్టు. కుడి చెయ్యి ముందుకి చాచి అటూ ఇటూ ఊపుతున్నాడు. ఎడమ చెయ్యి నడుం పక్కన పైకీ కిందికీ ఆడుతోంది. మా నాన్న వీపున పంపు పెట్టుకుని సాళ్లలో నడిచేటప్పుడు చేతులు అలాగే ఆడేవి. వాడు మా గోడకి మందు కొడుతున్నాడు.

కోటయ్య నవ్వాడు. "సినిమాల్లో చేర్చాలమ్మా వీణ్ణి."

"నోరు ముయ్యి కోటయ్యా," అని, "బాజీ, ఇటు నా వంక చూడు," అన్నాను.

చూశాడు. అప్పుడు కనిపించాయి కంటిపాపలు. పురుగుమందు ఒంట్లోకి దిగినవాడికి కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. నోట్లోంచి చొంగ కారుతుంది. వీడి కంటిపాపలు పెద్దవిగా విచ్చుకుని ఉన్నాయి. నాలుక ఎండిపోయి పిడచగట్టింది. అప్పటిదాకా నేను నాడి కూడా చూడలేదు. పట్టుకుంటే లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. అలా పరిగెడుతున్న గుండెకి నా చేతిలో ఉన్న మందు ఇచ్చి ఉంటే దాన్ని ఇంకా తరిమినట్టయ్యేది. సిరంజి ట్రేలో పెట్టేశాను.

"బాజీ, నువ్వు కొట్టేది ఏ మందురా?"

కాసేపటికి వాడికి నా ప్రశ్న అందింది.

"రెండూనండి."

"రెండూ అంటే?"

"పొద్దున చేలో మందు. పని దిగాక మేస్త్రి పోసే మందు. ఆ మందు వాసన ఈ మందుతోనే పోద్దంటాడండి మేస్త్రి. తాగకపోతే రేపు పనికి రావొద్దంటాడు."

"ఎంత పోస్తాడు?"

"మొదట్లో మూతలో అండి. ఇప్పుడు క్వార్టర్ చాలదు. తాగకపోతే పొద్దున్నే పంపు పట్టుకోలేనండి, చేతులు ఊగుతాయి."

"ఆఖరున ఎప్పుడు తాగావు?"

"పోలీసోళ్లు వచ్చినరోజు."

చెప్పా గదండీ అన్నాడు వాడు. శుక్రవారమే చెప్పాడు. మూడేళ్ల నుంచి, సీజన్లో రోజూ, పనిలేనప్పుడు ఒకరోజు తప్పి ఒకరోజు. నేను అడగాల్సినవన్నీ అడిగాను, వాడు అన్నింటికీ నిజమే చెప్పాడు. నేను మా నాన్నని విన్నాను, వాణ్ణి వినలేదు.

ఏ మాట నమ్మమంటావు

రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దానికి ఇచ్చే ఇంజెక్షన్ నిద్రమందు జాతిది. పిల్లలు దొంగిలిస్తారని మా గదిలో ఉంచనివ్వరు. ఆసుపత్రి ఒక్కటే దారి.

సూపరింటెండెంట్ సాంబశివరావు గారి క్వార్టర్స్ కాంపౌండులోనే. ఆయన లుంగీలో పేపరు చదువుకుంటున్నారు. నేను చెప్పింది విని కళ్లద్దాలు తీశారు.

"ఎస్కార్టు లేకుండా గేటు దాటించకూడదు సిస్టర్. ఆదివారం పూట పోలీసుల్ని ఎక్కణ్ణించి తేను? పోయినేడు ఒకడు ఆసుపత్రి బాత్రూం కిటికీలోంచి పోయాడు. మెమో ఎవరికొచ్చింది? నాకు."

"ఇది నాటకం కాదు సార్."

"ఇందాక కోటయ్య వచ్చి పురుగుమందంట అన్నాడు. ఇప్పుడు నువ్వొచ్చి సారా అంటున్నావు. పదకొండో గడిలో ఏమీ లేవని నువ్వే రాశావు. ఏ మాట నమ్మమంటావు?"

ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. నా దగ్గర ఒక్కటే జవాబుంది.

"తప్పు నాది సార్. వాడు చెప్పాడు, నాకు వినబడలేదు. ఇప్పుడు ఇంజెక్షన్ కూడా తప్పుది ఇవ్వబోయాను. కావాలంటే రాసిస్తాను. వాడు మన గోడల మధ్య పోతే మాత్రం నేను రాసేది వేరే ఉంటుంది."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత లోపలికి వెళ్లి ప్యాంటు వేసుకొచ్చారు. "ఎస్కార్టు నేనే. జీపు తియ్యమను," అన్నారు. ఆయన మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి. ఆ ఒక్క మాటకి అన్నీ మాఫీ.

రైల్వే గేటు పడింది. ముందు పత్తి బోరాల లారీ, వెనక బస్సు, అటూ ఇటూ కదలడానికి లేదు. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. అప్పుడొచ్చాయి ఫిట్స్. ఒళ్లు విల్లులా వంగి, సీటుకేసి తల కొట్టుకోసాగింది. పక్కకి తిప్పాను. కోటయ్య వాడి తల ఒళ్లో పెట్టుకుని, "నాయనా బాజీ, నాయనా," అంటూనే ఉన్నాడు. నిమిషమో రెండు నిమిషాలో. నా ఉద్యోగంలో అంత పొడుగు రైలు ఇంకోటి లేదు.

క్యాజువాల్టీ మెట్ల దగ్గర జీపు ఆగీ ఆగకముందే సాంబశివరావు గారు దూకి, "డాక్టర్! మందు కొట్టాడండీ కుర్రాడు, మందు కొట్టాడు!" అని కేకపెట్టారు. కోటయ్య చేతిలో చొక్కా కవరు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కవరు వాసన చూసి వెనక్కి తిరిగి, "పాయిజనింగ్! అట్రోపిన్ లోడ్ చెయ్యండి!" అని అరిచాడు.

"ఆ మందు కాదు బాబూ, ఇంకో మందు!" అని నేనూ అరిచాను. వార్డంతా మా వైపు చూసింది. "కళ్లు చూడండి, నాడి చూడండి. రెండు రోజుల కిందట తాగుడు ఆగిపోయింది."

ఆ డాక్టరు మంచివాడు. పంతానికి పోకుండా కళ్లు చూశాడు. "పదహారేళ్లకా?" అని ఒక్క మాటన్నాడు. వేరే ఇంజెక్షన్ తెమ్మన్నాడు. సాయంత్రానికి వణుకు తగ్గింది. మూడో రోజు పొద్దున బాజీ ఇడ్లీ తిని, "మేడం, మీ గోడకి మందు కొట్టానంట గదా," అని సిగ్గుపడ్డాడు. నేను నవ్వి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ప్రాణం నిలిచాక

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. మీరు ఉద్యోగంలో చేరబోతున్నారు కాబట్టి ఆపను.

ప్రాణం నిలబెట్టడం వైద్యంలో మొదటి వారం మాత్రమే. వాడికి కావలసింది నెలల తరబడి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండడం, మాట్లాడడం, ఆ మేస్త్రి లేని పని ఒకటి. హోమ్‌కి తిరిగొచ్చాక రోజూ నా గదికి వచ్చి కూర్చునేవాడు. "తాగాలనిపిస్తోందా?" అంటే, "మీరు అడిగినప్పుడు అనిపిస్తందండి," అనేవాడు. రెండు వారాలకి మొహం తేటబడింది. మూడు నెలలు వైద్యం కింద ఉంచమని బోర్డుని అడుగుదామని సాంబశివరావు గారిని ఒప్పించాను. బెయిలివ్వొద్దని ఒక నర్సు అడగడం వింతే. అయినా వెళ్లాను.

బాజీ వాళ్లమ్మ మస్తాన్‌బీ వచ్చింది. బయట చెట్టుకింద మోటారు సైకిలు మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి తీసుకొచ్చింది అతనే.

బోర్డులో అడిగారు. "అమ్మా, మీవాడికి తాగుడు ఉందా?"

"అయ్యో, లేదండీ. మా ఇంటా వంటా లేదండీ. మందు కొట్టుకు బతికేవోడండీ."

నేను లేచి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఆసుపత్రి కాగితం చూశారు. అందులో 'ఫిట్స్, తగ్గింది' అని ఒక్క ముక్కే ఉంది. తర్వాత మా ఫారం తీసి, నా వైపు తిప్పి, పదకొండో గడి మీద వేలు పెట్టారు.

"ఈ రాత మీదే కదమ్మా?"

"నాదేనండి. పొరపాటున రాశాను."

"మీరు అప్పుడు రాసింది కాగితం మీద ఉంది. ఇప్పుడు చెప్పేది మాటే. తల్లి లేదంటోంది. దేని మీద ఉంచమంటారు?"

ఆ సాయంత్రమే వదిలేశారు. గేటు దగ్గర బాజీ ఆగి, "పోయొస్తానండి," అన్నాడు. మేస్త్రి బండి స్టార్ట్ చేసి, "రారా, పూత మాడిపోతంది," అన్నాడు. వాడు వెళ్లి మేస్త్రి వెనక ఎక్కాడు. వాడి వెనక వాళ్లమ్మ కూర్చుంది.

తప్పు దిద్దుకోవచ్చని పెద్దలంటారు. తప్పుని దిద్దుకోవచ్చు, రాతని దిద్దుకోలేం. ఆ రోజు నుంచి పదకొండో గడి ముందు నేను పెన్ను కింద పెట్టేదాన్ని. అడిగిందే మళ్లీ అడిగేదాన్ని. వెనక కానిస్టేబులు ఎంత గొణుక్కున్నా సరే. ఉన్నాయని చెప్పినవాణ్ణి విడి గదిలో పెట్టకుండా సాంబశివరావు గారిని ఒప్పించాను. మా ఫారాల్లో 'లేవు'లు తగ్గాయి. మా హోమ్‌లో అలవాట్లు పెరిగిపోతున్నాయని పైనుంచి మెమో వచ్చింది.

మరుసటి సీజన్లో బాజీ వాళ్ల ఊరి నుంచే ఒక పిల్లాడు వచ్చాడు. పధ్నాలుగేళ్లుంటాయేమో.

"ఏం పని చేస్తావు నాన్నా?"

"మందు కొడతానండి."

పెన్ను కింద పెట్టాను. "ఏ మందు?" అన్నాను. వాడు మెల్లగా అంతా చెప్పాడు. రాసుకున్నాను. చివరికి నోరు ఆగక అడిగాను. "మీ ఊళ్లో బాజీ అని ఉండాలి. ఎట్టా ఉన్నాడు?"

"బాజీ అన్న చచ్చిపోయాడు గదండీ. పోయిన నెల చేలో పంపుతోనే పడిపోయాడు. మందు పడలేదన్నారండి."

"ఏ మందు?"

వాడు ఆలోచించాడు. తెలీదన్నట్టు తలాడించాడు.

"ఎవరూ అడగలేదండి," అన్నాడు.